బడిలో పెట్టిన పేరు

నొసలు దురద పెడుతోంది. చెయ్యెత్తి గోక్కోవచ్చా కూడదా అన్నది నిన్న నేర్పినవాటిలో లేదు. ఎట్లా నడవాలో నేర్పారు, ఎక్కడ ఆగాలో నేర్పారు, దండం ఎప్పుడు పెట్టాలో, పతకం అందుకున్నాక ఎటు తిరగాలో అన్నీ నేర్పారు గానీ, బుద్ధెరిగినప్పటినుంచి బొట్టు ఎరగని మొహానికి స్టిక్కరు అంటిస్తే, ఆ జిగురుకు చర్మం మండిపోతుంటే ఏం చెయ్యాలో ఢిల్లీలో ఇంతమంది పెద్ద మనుషుల్లో ఒక్కరికీ తోచినట్టు లేదు. కోటమ్మ చీరకొంగును ఒళ్లో ముద్దగా చేసి రెండు చేతులనూ దానికి అప్పజెప్పి కూర్చుంది. పైన దీపాల గుత్తులు, కింద ఎర్ర తివాచీ, ఎదురుగా మెట్ల మీద ఎత్తైన కుర్చీ. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. రాష్ట్రపతి వచ్చి కూర్చున్నాక ఒక్కొక్కరినే పేరు పెట్టి పిలుస్తారట. చనిపోయిన సిపాయి పేరు పిలిస్తే వాళ్ల మనిషి లేచి వెళ్లాలట. పక్కన మొగుడు దేవదానం దగ్గును మింగుతున్నాడు. మార్కాపురం పలకల గనుల్లో ముప్పై ఏళ్లు దుమ్ము తిన్న రొమ్ము అది, రాష్ట్రపతి భవనమని గౌరవించి ఊరుకుంటుందా, లోపల్లోపలే గుర్రుమంటోంది. ఆయన జేబుకు తగిలించిన కార్డు మీద దానయ్య అని ఉందని తోడుగా వచ్చిన బ్రహ్మం చదివి చెప్పాడు. అంటే దేవదానమనే మనిషి ఈ హాలులోకి అసలు రానే లేదన్నమాట. గేటు దగ్గర తుపాకీ పట్టుకున్నవాళ్లు దానయ్యను తడిమి చూసి, దానయ్యను లోపలికి పంపారు.

ఇందులో పెద్ద మాయేమీ లేదు. అర్ధవీడు దగ్గర వాళ్ల పేటలో ఇంటింటా ఉన్న సంగతే. ఆదివారానికి ఒక పేరు, ఆఫీసులకు ఒక పేరు. చర్చికి పోయేవాళ్లకు ఎస్సీ సర్టిఫికెట్ చెల్లదన్నది రూలు. ఆ కాగితం లేకపోతే చదువు లేదు, హాస్టలు లేదు, ఉద్యోగం అంతకంటే లేదు. అందుకని బిడ్డకు అయ్యగారు ప్రార్థన చేసి పెట్టిన పేరు చర్చిలో ఉంటుంది, బళ్లో సారు రాసిన పేరు లోకంలో ఉంటుంది. కోటమ్మకు ఆ తంటా లేదు, ఆమె పేరు రెండు దిక్కులా చెల్లుతుంది. కూతురు రజినికీ అంతే. కొడుకు దగ్గరే వచ్చింది. వాణ్ణి బళ్లో వెయ్యడానికి తీసుకుపోయిన రోజు వెంకటకృష్ణ సారు కలం పట్టుకుని ఆగిపోయాడు. "శ్యాంసనా? అట్ల రాస్తే రేపు వీనికి సర్టిఫికెట్ ఎవురిస్తారు కోటమ్మా? మాలకొండ సామి పేరు రాస్తున్నా. మాల్యాద్రి. ఇంట్లో మీ ఇష్టం, మీరేమని పిలుచుకున్నా నాకేంది." మంచి మనసుతోనే రాశాడు. దారి పొడుగునా పిల్లవాడు నవ్వుతూనే ఉన్నాడు. "అమా, బళ్లో నేను మాల్యాద్రంట! పిలిస్తే ఓయనాల్నంట!" అని చెంగు చెంగున గెంతాడు. అదొక ఆట వాడికి. ఆమెకూ ఆటే అనిపించింది. చొక్కా మీద ఇంకో చొక్కా తొడిగినట్టే కదా, ఇంటికొచ్చి విప్పేస్తే సరిపోతుంది అనుకుంది. విప్పడానికి వాడు ఇంటికి రాకపోతే ఏమవుతుందో ఎవరు ఆలోచిస్తారు.

ఇంకాసేపట్లో పిలుస్తారు. మాల్యాద్రి అని పిలుస్తారు. ఆ పేరుకు శౌర్యచక్ర ఇస్తారు. ఆ పేరును రేపు పేపర్లలో రాస్తారు. అందుకే ఆమె ఒక మాట దాచుకుని వచ్చింది. ఆ పెద్దాయన ఎదురుగా నిలబడినప్పుడు, టీవీలన్నీ చూస్తున్నప్పుడు, ఒక్కసారి, అందరికీ వినబడేట్టు, మావాడి పేరు శ్యాంసనయ్యా అనాలి. అంతే. పతకం వెనక్కి ఇవ్వదు, ఏడవదు, ఇంకేమీ అడగదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో రైలెక్కిన దగ్గర్నుంచీ పెదాల కింద అదే మాట తిప్పుకుంటూ వచ్చింది. దేవదానం ప్రార్థన అనుకున్నాడు. "ఎంతసేపు చేస్తావే, కాసిని నీళ్లన్నా తాగు" అన్నాడు. చెబితే ఎస్సీ సర్టిఫికెట్ మీద వచ్చిన రజిని టీచరు ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే కొడుకు పోతాడు, రెండోసారి. ఈ రెండిట్లో ఏది బరువో ఆమెకు తెలియదు. ఇటు తూచినా అటు తూచినా గుండే కిందికి పోతోంది.

వాడికి ముందు ఇద్దరు పుట్టి పోయారు. మిరపకోతలకు గుంటూరు వైపు పోయినప్పుడు ఒకరు, ఇంటి దగ్గర ఒకరు. ఇద్దరినీ పేట వెనక సమాధుల దొడ్లో పక్కపక్కనే పూడ్చారు. చిన్న చిన్న తిన్నెలు. తర్వాత వీడు. జాషువా అయ్యగారు తల మీద చెయ్యిపెట్టి శ్యాంసనని పిలిస్తే కళ్లు తెరిచి చూశాడు, ఆకలేసిన చూపు అది, ఆయన మాత్రం పేరు నచ్చిందన్నాడు. ఎన్నిసార్లు పిలిచి ఉంటుంది ఆ పేరును! సెలవుల్లో మేకలను తోలుకుని నల్లమల అంచుకు పోయేవాడు. పొద్దు వాలితే ఇంటి ముందు నిలబడి, చివర్న సాగదీసి శ్యాంసనూ అని కేకేసేది. కొండ మీదినుంచి ఓయ్ అమా అని వచ్చేది. కేకకూ ఓయ్‌కూ మధ్య కాస్త ఎడం ఉండేది. ఆ ఎడంలో ఆమె ప్రాణం బిగబట్టుకుని ఉండేది. వాడు మిలిటరీకి పోయాక ఆ ఎడమే పెరిగిందనుకుంది. ఫోను చేసేవాడు. "ఈడ నన్ను మాల్యా అంటారు మా. ఒక్కొక్కసారి నువ్వు శ్యాంసనంటే ఎవుర్నబ్బా అనిపిస్తాది" అని నవ్వేవాడు. ఆమెకు నవ్వు రాలేదు. పేరు మర్చిపోతావురా అంది. "నువ్వుండావు గదా మా, పిలిచేదానికి" అన్నాడు.

అందరూ లేచారు. వాయిద్యం మోగింది. బ్రహ్మం వెనకనుంచి, "పెద్దమ్మా, లెయ్యి" అన్నాడు. బ్రహ్మం గిద్దలూరు వైపు పిల్లవాడు. కొడుకు పటాలంలోనే హవల్దారు. ఈ ముసలి జంటకు భాష రాదని తోడిచ్చి పంపారు. రాష్ట్రపతి వచ్చాడు. పొట్టి మనిషి, ముసలాయన, కొంచెం వంగి నడుస్తున్నాడు, మోకాళ్ల నొప్పులేమో. కూర్చున్నాడు. అందరూ కూర్చున్నారు. మొదటి పేరు పిలిచారు. తెల్లబట్టల్లో ఒక పిల్ల లేచింది, రజిని ఈడు ఉంటుంది, మెడ నిటారుగా పెట్టి ఒక్క అడుగు తప్పకుండా నడిచింది. మైకులో ఒకాయన ఆమె మొగుడు ఏం చేశాడో చదువుతున్నాడు. ఆ చదివే పేరు ఆమె పిలుచుకున్న పేరే అయ్యుంటుంది, వంటింట్లోనూ పడకింట్లోనూ అదే పేరు. ఎంత అదృష్టవంతురాలివి తల్లీ అనుకుంది కోటమ్మ. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది. మొగుడు పోయినదాన్ని అదృష్టవంతురాలని అనుకునే స్థితికి వచ్చింది బుద్ధి.

కొడుకును పెట్టెలో తెచ్చిన రోజున కూడా ఇట్లాగే వాయిద్యం ఉంది. లారీ నిండా పూలు, పెట్టె మీద జెండా, రోడ్డు పట్టనంత జనం. అర్ధవీడు నుంచి, కంభం నుంచి, ఎక్కడెక్కడివాళ్లో. ఎప్పుడూ పేటలో అడుగుపెట్టని వాళ్లు కూడా వచ్చి ఇంటి ముందు నిలబడ్డారు, కుళాయి దగ్గర నీళ్లు కూడా తాగారు. మాల్యాద్రి అమర్ రహే అని అరిచారు. పక్కింటి మల్లి చెవి దగ్గరికి వచ్చి, "ఎవురికోసం అరస్తుండారు వదినా?" అని అడిగింది. పాపం, నిజంగానే తెలియక అడిగింది. పెట్టె తెరిచి మొహం చూపించారు. మెడ దగ్గర తెల్లగుడ్డ కట్టి ఉంది. మొహం మాత్రం కడిగినట్టు ఉంది. కాల్పుల్లో దెబ్బతిన్న ఇద్దరిని మోసుకొచ్చాడట, మూడోవాడి కోసం పోయాడట. ఆమె వాడి మీద పడి ఏడ్చింది. ఆ ఏడుపులో పేరు లేదు. టీవీవాళ్లు మైకులు పెట్టెదాకా చాచి పెట్టారు. పేటలో చచ్చినవాణ్ణి పేరు పెట్టి పిలిచి పిలిచి ఏడుస్తారు, లేవమంటారు, తిట్టుకుంటారు. ఆమె నాయనా నాయనా అని మాత్రమే ఏడ్చింది. నాయనా అంటే ఎవరైనా కావచ్చు.

అప్పటికే వెంకటకృష్ణ సారు దేవదానాన్ని గోడ పక్కకు తీసుకుపోయాడు. రిటైరై కర్ర పట్టుకుని నడుస్తున్నాడు, ఆయన కళ్లలోనూ నీళ్లే. "దేవదానం, రికార్డులో హిందువని ఉండాది. కట్టెలు కూడా తెప్పించినారు. నువ్వు కాదని సిలువ నాటి పూడిస్తే దేశమంతా చూస్తాది. రేపు ఎవుడో ఒకడు అర్జీ పెడతాడు. పిల్ల టీచరు ఉద్యోగం ఏమయితాదో చూసుకో. బతికుండే బిడ్డ గూడా బిడ్డే గదా." దేవదానం తిరిగి కోటమ్మ వైపు చూశాడు. కోటమ్మ రజిని వైపు చూసింది. రజిని పెట్టె అంచు పట్టుకుని కూలబడి ఉంది. మెడలో బడి గుర్తింపు కార్డు అట్లాగే వేలాడుతోంది, చావు కబురు విని దొనకొండలో క్లాసు మధ్యలోనుంచి లేచి వచ్చిన దగ్గర్నుంచీ తియ్యనే లేదు. అంతే జరిగింది. ఒకరినొకరు చూసుకోవడం. తర్వాత ఆఫీసరు వచ్చి, మీ ఆచారం ఎట్లా అని మర్యాదగా అడిగితే దేవదానం, "రికార్డులో ఎట్లుంటే అట్లనే సారూ" అన్నాడు. కోటమ్మ ఆ మాటను ఆపలేదు.

జాషువా అయ్యగారు గుంపులో వెనకెక్కడో నిలబడిపోయాడు. చేతిలో బైబిలు లేదు, ఆరాధనకు వేసుకునే అంగీ లేదు, పెదాలు మాత్రం ఆడుతున్నాయి. సమాధి దగ్గర పాటలు పాడే ఆడవాళ్లంతా కొంగు నోట్లో కుక్కుకున్నారు. దేవదానానికి ఎవరో తడిపంచె చుట్టారు, భుజం మీద కుండ పెట్టారు, ఎటు తిరగాలో ఎప్పుడు వదలాలో చెబుతూ వచ్చారు. ఆయన చెప్పినట్టల్లా చేశాడు. తుపాకులు పేలాయి. వాగొడ్డున మంట లేచింది. ఆమె జన్మలో తన మనిషిని మంటల్లో చూడలేదు. వాళ్లల్లో మనిషిని నేలకు ఇస్తారు, విత్తనం వేసినట్టు వేసి మట్టి కప్పుతారు, లేస్తాడని నమ్ముతారు. చిటపటమని చప్పుడు అయినప్పుడల్లా ఆమె ఒళ్లు ఉలిక్కిపడింది. కాలుతుందిరా నాయనా అని లోపల అంటూనే ఉంది. బూడిదను కృష్ణలో కలిపారు. పిడికెడన్నా ఇమ్మని అడగడానికి నోరు రాలేదు.

ఈస్టరు తెల్లవారుజామున పేటంతా సమాధులకు సున్నం కొట్టి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగించి పాడతారు. ఎవరి మనుషుల దగ్గర వాళ్లు కూర్చుంటారు. కోటమ్మ తన ఇద్దరు పసివాళ్ల దగ్గర కూర్చుంది. పక్కన ఉత్తనేల. ఎప్పటినుంచో తనకోసమని అనుకుంటున్న చోటు అది. ఆ ఉత్తనేల మీద ఒక కొవ్వొత్తి నాటింది. చుట్టూ ఆడవాళ్లు చూసి తలలు తిప్పుకున్నారు. అయ్యగారు దగ్గరికి వస్తే అడిగేసింది. "ఆఖరి దినాన అందర్నీ పేరు పెట్టి పిలుస్తారంటారు గదయ్యా. బూడిదైనోడు యాడనుంచి లేస్తాడు? ఏ పేరుకు పలుకుతాడు?" అయ్యగారు గొంతు సవరించుకున్నాడు. "దేవునికి బూడిదైనా మన్నయినా ఒకటేలేమ్మా" అన్నాడు. పేరు సంగతి మాత్రం ఎత్తలేదు. రజిని అక్కడే ఏడ్చింది. "నా ఉద్యోగం కోసం అన్నను కాల్చినారు. ఈ జీతం నాకొద్దు, రాజీనామా చేస్తా." ఛీ నోరు ముయ్యి అని కసిరింది కోటమ్మ. ఆ జీతంతోనే దేవదానానికి ఆయాసం మందులు, ఆ జీతంతోనే ఇంట్లో పొయ్యి. పిల్ల మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నిన్న సాయంత్రం ఫోను చేసింది. "అమా, రేపు బళ్లో పిల్లోళ్లందరికీ టీవీ పెడుతుండాము. బొట్టు మర్చిపోవద్దు" అంది. చెప్పేటప్పుడు గొంతు చిన్నది చేసుకుంది. పక్కన ఎవరో ఉండి ఉంటారు.

ఇంకో పేరు. ఇంకో తల్లి. ఇంకో చప్పట్లు. ఇంతమంది తల్లులను ఒకచోట కూర్చోబెట్టి ఒకరి తర్వాత ఒకరిని పిలుస్తుంటే ఆ ముసలాయనకు మాత్రం ఎట్లా ఉంటుందో. ఒక్కొక్కరి ముందుకూ మెట్లు దిగి వస్తున్నాడు, మళ్లీ ఎక్కుతున్నాడు. మంచివాడిలాగే ఉన్నాడు. ఈయనకు చెబితే తప్పేముంది. ఏమంటాడు, తల ఊపుతాడు. ఊళ్లో అర్జీలు పెట్టేవాళ్లు మాత్రం? కొడుకును ఇచ్చినవాళ్ల మీద అర్జీ పెడతారా, పెట్టరు. పెడతారు. పేట కుర్రవాడెవడో హాస్టలు వార్డెను అయితే పెట్టలేదా, ఉద్యోగం ఊడి వాడిప్పుడు బేల్దారి పని చేసుకుంటున్నాడు. అయినా చెప్పాలి. కొడుకు ఆ మాట అన్నాడుగా, నువ్వుండావు గదా పిలిచేదానికి అని. మావాడి పేరు శ్యాంసనయ్యా. మావాడి పేరు శ్యాంసనయ్యా. నాలుక అరిగిపోయినట్టుంది, అయినా మాట గట్టిగానే ఉంది, ఇప్పుడు అడిగితే ఇప్పుడు చెప్పేస్తుంది.

మైకులో ఏదో పేరు పలికింది. హిందీ యాసలో సాగింది. ఎవరూ లేవలేదు. ఎవరబ్బా లేవకుండా కూర్చున్నారు అనుకుంది కోటమ్మ. మోచేత్తో పొడిచాడు దేవదానం. "మనోడేనే. లెయ్యి." ఆమె లేచింది. కాళ్లు తమంతట తామే నిన్న నేర్చుకున్నట్టు నడిచాయి. బ్రహ్మం ఒక అడుగు వెనకగా వస్తున్నాడు. కొడుకు చేసింది మైకులో చదువుతున్నారు, ఒక్క ముక్క అర్థం కాదు, మధ్య మధ్యలో మాల్యాద్రి, మాల్యాద్రి అన్నది మాత్రం వినబడుతోంది, ఎవరో పరాయి పిల్లవాడు వాళ్ల శ్యాంసను చొక్కా వేసుకుని, వాడి చావును చచ్చి, అక్కడ నిలబడి ఉన్నట్టుంది. ఆగమన్న చోట ఆగింది. దండం పెట్టింది. రాష్ట్రపతి మెట్లు దిగి వచ్చాడు, ఒక్కొక్క మెట్టూ కష్టంగా. డబ్బా ఆమె చేతుల్లో పెట్టాడు. అంతటితో వెనక్కి పోవాలి ఆయన. పోలేదు. ఆమె మొహంలోకి చూసి, చెయ్యి భుజం మీద వేసి, మెల్లగా ఏదో అడిగాడు. బ్రహ్మం ముందుకు వంగాడు.

"పెద్దమ్మా, ఇంట్లో నువ్వు పిల్లోణ్ణి ఏమని పిల్చేదానివని అడుగుతుండారు."

అడిగాడు. ఈ లోకంలో ఎవరూ అడగనిది, ఆఫీసరు అడగనిది, అయ్యగారు అడగనిది, ఈ ముసలాయన తనంతట తాను అడిగాడు. తలుపు తీసి పట్టుకుని రమ్మన్నట్టు నిలబడ్డాడు. ఇన్నాళ్లుగా పెదాల కింద తిప్పుకున్నది గొంతులోకి వచ్చింది, నాలుక మీదికి వచ్చింది, పొద్దువాలినప్పటి ఆ సాగదీసిన కేకలాగానే వచ్చింది. కుడివైపున కెమెరాల వరుస. వాటి కళ్లన్నీ ఆమె నోటి మీదే ఉన్నాయి. వాటి వెనక దొనకొండలో బెంచీల మీద పిల్లలు, టీవీ పక్కన రజిని, రజిని పక్కన గొంతు చిన్నది చేసుకోవలసిన ఆ ఎవరో. ఆఫీసుల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డ ఏళ్లన్నీ వచ్చి నోట్లో కూర్చున్నాయి. ఎవరైనా అడిగితే ఏం చెప్పాలో ఆ ఏళ్లకు బాగా తెలుసు. ఆమె ఆలోచించనే లేదు.

"మాల్యాద్రి" అంది కోటమ్మ. "ఇంట్లో గూడా మాల్యాద్రనే పిల్చేదాన్నయ్యా."

బ్రహ్మం హిందీలో చెప్పాడు. ముసలాయన కళ్లు తడయ్యాయి. ఆ పేరును ఆయన తన నోటితో, బిడ్డను నిద్ర లేపేటంత నెమ్మదిగా, ఇంకోసారి పలికాడు. హాలంతా చప్పట్లు కొట్టింది. కోటమ్మ దండం పెట్టి, నేర్పినట్టుగానే ఎడమవైపుకు తిరిగింది.